బ్యాంకు రుసుములు - మనము తెలిసికొనవలసినవి

ఔరాద్ బ్యాంకులలో పత్రములు కన్నడ, హిందీ, ఆంగ్ల భాషలలో నుండును. తెలుగు మాత్రమే చదువగల తల్లిదండ్రులకు పాసుపుస్తకములోని పద్దును విప్పిచెప్పు భారము విద్యార్థులదే. అందుచే ఈ విషయమును వివరింప దలచితిమి.

కరెంటు ఖాతా వర్తకుల కొరకైనది. దానికి వడ్డీ లేదు. నిల్వ తగ్గినచో రుసుము మాత్రము గలదు. వర్తకము లేని యింటికి అది యేల?

పొదుపు ఖాతాలపై కనీస నిల్వ రుసుమును భారతీయ స్టేట్ బ్యాంకు 2020లో ఎత్తివేసినది. అన్ని బ్యాంకులును అట్లు చేయలేదు. అయినను, 2015 ఏప్రిల్ 1 నుండి అమలైన రిజర్వు బ్యాంకు నియమము ననుసరించి, నిల్వ తగ్గినప్పుడు బ్యాంకు ముందుగా తెలియజేసి నెల గడువీయవలెను. రుసుము లోటును బట్టియే యుండవలెను. దాని మూలమున ఖాతా సున్నకు దిగువకు పోరాదు. ఈ కడపటి మాట పెక్కురెరుగరు.

కూలి కుటుంబములకు 'ప్రాథమిక పొదుపు ఖాతా' మేలని మా యభిప్రాయము. 2012లో వచ్చిన యీ ఖాతాకు కనీస నిల్వ అక్కరలేదు. నెలకు నాలుగుమార్లు సొమ్మును ఉచితముగా తీసికొనవచ్చును. అయితే అదే బ్యాంకులో వేరొక పొదుపు ఖాతా ఉండరాదు. ప్రభుత్వ ఉపకార వేతనమునకై తెరచిన శూన్య నిల్వ ఖాతా రెండేండ్లకు పైగా కదలకున్నను, 2024 ఏప్రిల్ 1 నుండి దానిని నిష్క్రియ ఖాతాగా లెక్కింపరాదు.