కొత్త నీటిలో చేపపిల్లలు నిలదొక్కుకొనుటకు

వరంగల్లు ప్రాంతము చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరము వంటి పెద్ద చెరువులు కాకతీయుల కాలము నాటివి. ఇవి గాక ఊరూర కుంటలు, గొలుసుకట్టు చెరువులు కలవు. వానలు కురిసి ఈ చెరువులు నిండిన వెంటనే చేపపిల్లలను విడుచు పని మొదలగును. 2016-17 నుండి రాష్ట్ర ప్రభుత్వము మత్స్య సహకార సంఘములకు ఉచితముగా పిల్లలను సరఫరా చేయు పథకమును ప్రారంభించినది. కొన్ని నెలలు మాత్రమే నీరుండు చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడుగున నీరుండు చెరువులకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు ఇచ్చుట ఆ పథకపు పద్ధతి. బొచ్చె, రవ్వ, మెరిగ, బంగారుతీగ రకములే వీటిలో ముఖ్యమైనవి.

పిల్ల ఎంత మంచిదైనను, చెరువులో ఎంత మేత ఉన్నను, విడిచిన మొదటి గంటలో జరుగు పొరపాటును ఆ పిదప దిద్దుటకు వీలు లేదు. మరునాడు చెరువుపై చచ్చిన పిల్ల ఒక్కటియు తేలలేదు గనుక అన్నియు బ్రతికినవని సంఘము వారు అనుకొనుట పరిపాటి. ఇది నమ్మదగిన గురుతు కాదు. చచ్చిన చిన్న పిల్ల సాధారణముగా మొదట అడుగుకు దిగును. అది ఉబ్బి పైకి తేలులోపలనే తాబేళ్లు, ఎండ్రకాయలు, పెద్ద చేపలు దానిని తినివేయును. కొన్ని పిల్లలు విడిచిన నాడు హుషారుగా ఈదుచు పోయి, రెండవ నాడో మూడవ నాడో చచ్చును. నష్టము బయటపడునది ఎండకాలమున వల వేసినపుడే. అప్పుడు పిల్లల నాణ్యము మీదనో, దొంగల మీదనో నింద పడును.

ప్రయాణములో పిల్లకు ఏమగునో తెలిసిన యెడల మిగిలిన జాగ్రత్తలు తమంత తామే అర్థమగును. చేప ఒంటి వేడి దాని చుట్టునున్న నీటి వేడిని బట్టి మారును. మనము ఎండలోనుండి నీడకు వచ్చినంత తేలికగా అది ఒక నీటిలోనుండి మరొక నీటికి మారజాలదు. రెండు మూడు డిగ్రీల తేడా ఒక్కసారిగా తగిలిన చాలును, చిన్న పిల్ల తట్టుకొనలేదు. ఇది గాక, మంచినీటి చేప రక్తములో చుట్టునున్న నీటిలోకంటె ఉప్పు ఎక్కువ. అందుచేత మొప్పల గుండ నీరు లోనికి ఊరుచుండును, ఉప్పు బయటికి జారుచుండును. ఆరోగ్యముగా ఉన్న చేప ఈ లెక్కను సరిచూచుకొనుచునే ఉండును. వలలో పట్టి, గంపలో పోసి, సంచిలో కుదిపిన చేపకు బెదురు పట్టి ఆ పట్టు తప్పును. రంగు పాలిపోవుట, నీటిపై నోరు తెరచి గాలి మింగుట, పక్కకు ఒరిగి ఈదుట, చేయి పెట్టినను తప్పించుకొనకుండుట ఈ బడలికకు గురుతులు.

ఇక సంచి సంగతి. పిల్లలను నింపు ప్లాస్టిక్ సంచిలో సుమారు మూడింట ఒక వంతు నీరు, రెండు వంతులు ఆక్సిజను ఉండును. దారి పొడుగున పిల్లలు విడుచు ఊపిరి వలన ఆ నీటిలో బొగ్గుపులుసు వాయువు పేరుకొని నీరు కొంత పులుపెక్కును. మలమూత్రముల వలన అమ్మోనియా కూడ చేరును. చిత్రమేమనగా, నీరు పులుపుగా ఉన్నంతసేపు ఈ అమ్మోనియా అంతగా హాని చేయదు. సంచి మూతి విప్పగానే బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోవును, పులుపు తగ్గును, అంతవరకు అణగియున్న అమ్మోనియా విషమై మొప్పలను కాల్చును. అందుచేతనే సంచి విప్పి గట్టున పెట్టి, పెద్దలు వచ్చువరకు ఆగుట చాల చెడ్డ అలవాటు. విప్పినంతసేపు పని నడుచుచుండవలెను. విప్పకముందు మాత్రము తొందర పనికిరాదు.

పని క్రమము ఇట్లుండవలెను. పిల్లలను పంపువారు ముందు రోజు మేత ఆపి, కడుపు ఖాళీ అయిన పిమ్మటనే సంచులు కట్టవలెను. ఈ సంగతిని పిల్లలు బయలుదేరక ముందే సంఘము వారు అడిగి తెలిసికొనవచ్చును. లారీ వచ్చిన వెంటనే సంచులను నీడలో దింపి, విప్పకుండ చెరువు నీటిపై 15-20 నిమిషములు తేలనీయవలెను. ఎండ తీవ్రముగా ఉన్న యెడల తడిగోనె కప్పవలెను. తేలుచున్న ప్లాస్టిక్ సంచి ఎండలో ఎంత త్వరగా వేడెక్కునో చేయి పెట్టి చూచిన తెలియును. పిదప ఒక సంచి విప్పి, లోపలి నీటి వేడిని, చెరువు నీటి వేడిని థర్మామీటరుతో చూడవలెను. రెండును దాదాపు సమానమైనపుడు సంచిలోనికి మూడు నాలుగు నిమిషముల కొక చెంబు చొప్పున చెరువు నీరు పోయుచు, 10-15 నిమిషములలో లోపలి నీరు రెండింతలు అగునట్లు చేయవలెను. తరువాత సంచి మూతిని నీటిలో ముంచి ఒరగబెట్టిన యెడల, బాగున్న పిల్లలు తామే ఈదుకొనుచు బయటికి పోవును. ఈదలేక సంచి అడుగున మిగిలిపోవు వాటిని విసరివేయక, లెక్కించి వ్రాసికొనవలెను. ఆ పూట సరఫరా ఎట్లున్నదో ఆ లెక్కయే చెప్పును.

తొట్ల లారీలో పిల్లలు వచ్చిన యెడల చెరువు నీటిని పంపుతో మెల్లగా తొట్టిలోనికి తోడి, అరగంట సేపు కలియనిచ్చిన పిమ్మటనే బకెట్లతో దింపవలెను. కట్టమీదనుండి గొట్టము పెట్టి కిందికి జారవిడుచుట, ఎత్తునుండి బకెట్టు కుమ్మరించుట చూచుటకు వేడుకగా ఉండవచ్చును గాని, ఆ దెబ్బకు పొలుసులూడి, ఒంటి జిగురు పోయి, పిల్లలకు బూజు, పుండ్లు పట్టును.

ఏ వేళ మంచిది? తెల్లవారుజామున చల్లగా ఉండును గదా అని కొందరు అప్పుడే విడుతురు. రాత్రంతయు చెరువులోని నాచు, చేపలు, పురుగులు ఆక్సిజనును వాడుకొనుట వలన నీటిలో అది మిక్కిలి తక్కువగా ఉండునది సరిగ్గా ఆ వేళనే. మధ్యాహ్నమున ఒడ్డునున్న మోకాలి లోతు నీరు వేడెక్కును. వేడి నీటిలో ఆక్సిజను తక్కువ నిలుచును. లీటరు నీటిలో 20 డిగ్రీల వద్ద సుమారు 9 మిల్లీగ్రాములు నిలువగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే నిలుచును. పచ్చగా నాచు పట్టిన చెరువులలో మధ్యాహ్నమునకు నీటి పులుపు బాగా తగ్గి, పైన చెప్పిన అమ్మోనియా బాధ కూడ ఎక్కువగును. కావున సూర్యోదయమైన రెండు గంటల పిమ్మట పని మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించుట అన్నిటికంటె మేలు. లారీ మధ్యాహ్నము వచ్చినచో సంచులు విప్పక చెట్టు నీడన ఉంచి, ఎండ తగ్గిన పిదప విడువవచ్చును. అయితే సంచిలోని ఆక్సిజను ఎన్ని గంటలకు సరిపోవునో తెచ్చినవారిని అడుగవలెను.

లెక్క విషయమున పంచాయతీ కార్యదర్శులు, సంఘము అధ్యక్షులు శ్రద్ధ వహించుట సహజమే. ప్రజల సొమ్ముతో వచ్చిన పిల్లలకు లెక్క ఉండవలసినదే. కాని ప్రతి సంచిని విప్పి, గట్టుపై పరచిన గుడ్డమీద పోసి ఎండలో ఎంచిన యెడల పుస్తకములో లెక్క సరిపోవును, చెరువులో పిల్ల మిగులదు. మిగిలిన సంచులు నీటిపై తేలుచుండగా, అందరును చూచుచుండగా, తమ ఇష్టము వచ్చిన చోటనుండి నాలుగైదు సంచులను తీసి, నీడలో, తొట్టి నీటిలో, చిన్న జల్లెడ గిన్నెతో ఎంచి సరాసరి కట్టినచో రెండు పనులును నెరవేరును. ఫోటోలు కూడ ఆ వ్యవధిలోనే తీసికొనవచ్చును.

ఎంచిన పిల్లలలోనుండి ఒక వందను చెరువులోనే నాలుగు కర్రలకు కట్టిన సన్నని వలగుడ్డ హాపాలో వేసి రెండు రోజులు ఉంచవలెను. మూడవ నాటి ఉదయము ఎన్ని బ్రతికి యున్నవో ఎంచినచో చెరువంతటి స్థితి ఇంచుమించుగా తెలియును. దీనికగు ఖర్చు స్వల్పము. తగాదా వచ్చినపుడు ఊహలకంటె ఈ వంద పిల్లల లెక్క గట్టి సాక్ష్యము. దానిని తేదీతో రిజిస్టరులో వ్రాసి ఇద్దరు ముగ్గురు సంతకములు చేయుట మంచిది.

అన్ని సంచులను లారీ ఆగిన ఒక్కచోటనే విప్పరాదు. బెదిరిన పిల్ల గుంపు ఉన్నచోటికి కొర్రమీను, వాలుగ త్వరలోనే చేరును. మూడు నాలుగు తావులలో, కొద్దిగా గడ్డి లేక తుంగ నీడ గల చోట విడువవలెను. మత్తడి దుంకుచున్నపుడు విడుచుట పిల్లలను కింది ఊరి చెరువుకు దానము చేయుటయే. తూము దగ్గర కూడ విడువరాదు.

ఉప్పు గురించి ఒక మాట. రవాణా నీటిలోగాని, పిల్లలను కొంతసేపు నిలుపు తొట్టిలోగాని లీటరుకు 2-3 గ్రాముల గల్లుప్పు కలిపిన యెడల, శరీరమునుండి ఉప్పు జారిపోవుట తగ్గి పిల్ల తెప్పరిల్లును. తొట్టికి పనికివచ్చినది గదా అని చెరువులో ఉప్పు బస్తాలు గుమ్మరించుట ఏట్లో చింతపండు పిసికినట్లే.

పట్నమునుండి ఏంజెల్, ఆస్కార్ వంటి రంగు చేపలను కొని ఇంటి గాజుతొట్టిలో పెంచువారు ఇప్పుడు పల్లెలలోను కనబడుచున్నారు. ఇవి సిక్లిడ్ జాతివి; మన తిలాపియా, అనగా జిలేబీ చేప, వీటికి బంధువే. వీటికిని పై పద్ధతియే వర్తించును గాని, సంచిలోని నీటిని తొట్టిలో పోయక చేపను మాత్రమే మెత్తని వలతో దింపవలెను. నల్లా నీటిలోని క్లోరిన్ పోవుటకు నీటిని ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిలువ ఉంచవలెను. బోరునీటిలో ఆక్సిజను తక్కువ కావున దానిని ఎత్తునుండి పోసి తిరగబోసి వాడవలెను. ఈ జాతి చేపకు తనదని ఒక తావు కావలెను. అది లేనిచో మూలకు చేరి మేత ముట్టదు, లేదా తోటివాటిని కరచును. పగిలిన కుండ పెంకులు, నున్నని రాళ్లు పేర్చి దాగుచోట్లు కల్పించి, మొదటి రోజు దీపము ఆర్పి, మేత వేయక వదలివేయవలెను. పాత చేపలున్న తొట్టిలో కొత్తదానిని వేయుటకు ముందు రాళ్లను అటునిటు మార్చినచో పాతవాటి హద్దులు చెరిగి, కొత్తదానిమీద దాడి తగ్గును. కొత్త తొట్టిలో అమ్మోనియాను విరుచు సూక్ష్మజీవులు పెరుగుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. కావున తొలి నెలలో చేపలు కొద్దిగా, మేత ఇంకను కొద్దిగా ఉండి, రెండు మూడు రోజుల కొకసారి నాలుగవ వంతు నీరు మార్చవలెను.

ఈ చేపలమీద విసుగు పుట్టినపుడు వాటిని ఊరి చెరువులో వదలరాదు. తిలాపియా మన దేశమునకు 1952లో వచ్చినది. తల్లి గుడ్లను నోటిలోనే పొదిగి కాపాడుకొనును గనుక అది అతి త్వరలో గుంపులు గుంపులుగా పెరిగి, చెరువులోని మేతను బొచ్చె, రవ్వలకు దక్కనీయదు. అనుమతి లేనిదే దాని పెంపకము నేటికిని కూడదు. గాజుతొట్టి పాచి తినునని అమ్ము సక్కరు చేప ఇంకను మొండిది. ఒంటినిండ గట్టి పెంకు, ముండ్లు ఉండుటచే వలలను చించును. అక్కరలేని చేపను అమ్మిన దుకాణమునకే తిరిగి ఇయ్యవలెను, లేదా పెంచువారు మరెవరైన ఉన్న వారికి ఇయ్యవలెను. పిల్లల ఎంపిక, చెరువు నీటి పరీక్షల విషయమై మామునూరు కృషి విజ్ఞాన కేంద్రము వారిని గాని, జిల్లా మత్స్యశాఖ వారిని గాని, పిల్లలు వచ్చుటకు ఒక వారము ముందే కలిసికొనుట మంచిది.