మణికట్టులోని ఇరుకుదారి

కలం పట్టినా, కొడవలి పట్టినా, మగ్గంపై నాడె ఆడించినా మానవుని పనితనం వేళ్ల కొసల్లోనే వ్యక్తమవుతుంది. ఆ వేళ్లకు స్పర్శను, బొటనవేలికి పట్టును ఇచ్చే ముఖ్యమైన నాడిని ‘మీడియన్ నాడి’ అంటారు. అరచేతిని చేరడానికి ఈ నాడి మణికట్టులోని ఒక ఇరుకుదారి గుండా సాగవలసి ఉంటుంది.

మణికట్టులో 8 చిన్న ఎముకలు కమానువలె అమరి ఉంటాయి. వాటికి అడ్డంగా, అరచేతి వైపున దృఢమైన బంధకం పట్టీవలె బిగిసి ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఉన్న దారిని ‘కార్పల్ టనెల్’ అంటారు. వేళ్లను ముడిచే 9 స్నాయుబంధకాలు, మీడియన్ నాడి ఈ దారిలోనే ఒదిగి ఉంటాయి. లోపలి పొరలు ఉబ్బినప్పుడు ఎముక లొంగదు, బంధకం సాగదు. ఒత్తిడి మెత్తని నాడిపై పడుతుంది. దీనివల్ల కలిగే రుగ్మతే కార్పల్ టనెల్ సిండ్రోమ్.

ఈ రుగ్మత సోకినవారికి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగభాగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలికి స్పర్శనిచ్చే నాడి వేరు కనుక దానికి ఈ బాధ ఉండదు. రాత్రివేళ మంట, పోటు అధికమై నిద్రాభంగం కలుగుతుంది. చేతిని విదిలిస్తే కొంత ఉపశమనం లభిస్తుంది. గర్భవతులలోను, మధుమేహం, కీళ్లవాతం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలోను ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

శస్త్రచికిత్స లేకుండా దీనికి చేసే చికిత్సలలో స్టెరాయిడ్ సూదిమందు ముఖ్యమైనది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను కీళ్లవాత రోగికి ఇచ్చి, వాపును అణచే దాని శక్తిని నిరూపించాడు. 1950లో ఆయనకు, కెండాల్, రైక్‌స్టైన్‌లకు కలిపి నోబెల్ బహుమతి లభించింది. ఆ కోవకు చెందిన మిథైల్ ప్రెడ్నిసొలోన్ వంటి మందును వైద్యులు నాడికి సూది తగలకుండా మణికట్టులోకి ఎక్కిస్తారు. వాపు తగ్గితే నాడిపై ఒత్తిడి సడలుతుంది.

అయితే ఈ ఊరట ఎంతకాలం నిలుస్తుంది? స్వీడన్‌లో 111 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఒక జట్టుకు 80 మిల్లీగ్రాములు, మరొక జట్టుకు 40 మిల్లీగ్రాముల మందు ఇచ్చారు. మూడవ జట్టుకు స్టెరాయిడ్ లేని సూది వేశారు. 10 వారాల నాటికి మందు పొందినవారి బాధ మిగిలినవారి కంటే బాగా తగ్గింది. కాని ఏడాది తిరిగేసరికి ఆ మూడు జట్లలో వరుసగా 73, 81, 92 శాతం మంది శస్త్రచికిత్స చేయించుకున్నారు. వ్యాధి తీవ్రరూపం దాల్చని 234 మందిపై బ్రిటన్‌లో జరిపిన మరొక పరిశోధన 2018లో వెలువడింది. అందులో 6 వారాలకు సూదిమందు, రాత్రిపూట ధరించే మణికట్టు పట్టీ కంటే మెరుగైన ఫలితమిచ్చింది. 6 నెలలకు రెండింటి మధ్య చెప్పుకోదగిన భేదం కనబడలేదు.

దీనిని బట్టి ఉపశమనం వేరు, స్వస్థత వేరు అని గ్రహించాలి. గర్భవతులలో ప్రసవానంతరం బాధ చాలావరకు దానంతటదే తగ్గుతుంది. అట్టివారికి తాత్కాలికమైన ఊరటే చాలవచ్చు. కాని బొటనవేటి మొదట ఉన్న కండరం క్షీణించి, బొత్తం పెట్టుకోవడం కూడా కష్టమైనవారి విషయం వేరు. నొప్పి తగ్గిందని వారు కాలయాపన చేస్తే నాడి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. అప్పుడు శస్త్రచికిత్స చేసినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అది చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడమే అవుతుంది.

సూదిమందుకూ పరిమితులున్నాయి. మధుమేహ రోగులలో రక్తంలోని చక్కెర కొన్నాళ్లపాటు పెరగవచ్చు. సూది వేసినచోట చర్మం పాలిపోవచ్చు. అరుదుగా నాడికో, స్నాయుబంధకానికో హాని కలగవచ్చు. కనుక అనుభవజ్ఞుడైన వైద్యుని చేతనే దీనిని వేయించుకోవాలి.

సూదిమందు రోగికి కొంత వ్యవధినిస్తుంది. ఆ వ్యవధిలో మధుమేహం, థైరాయిడ్ లోపం వంటి మూలకారణాలకు చికిత్స పొందాలి. మణికట్టుకు విశ్రాంతినివ్వాలి. తిమ్మిరి మరల వచ్చినా, పట్టు సడలినా జాప్యం చేయక వైద్యుని సంప్రదించాలి.