మీకు తెలుసా? డాలీ పార్టన్ వదులుకోని పాట

అమెరికన్ కంట్రీ సంగీతంలో డాలీ పార్టన్ అంటే తెలియనివాళ్ళు ఉండరు. బంగారు రంగు విగ్గు, తళుకుల దుస్తులు, గలగలా నవ్వు: ఈ రూపం వెనక పాట విలువ, డబ్బు విలువ రెండూ క్షుణ్ణంగా తెలిసిన మనిషి ఉంది. ఆమె గురించి చెప్పుకోవలసింది చాలా ఉంది. అందులో కొంత ఇక్కడ.

• ఆమె పుట్టినప్పుడు డాక్టరుకి ముట్టిన ఫీజు ఒక సంచి మొక్కజొన్న పిండి. 1946 జనవరి 19న టెనెస్సీ రాష్ట్రంలోని స్మోకీ కొండల్లో, సెవియర్ కౌంటీలో, ఒంటిగది చెక్క ఇంట్లో పుట్టింది డాలీ. పన్నెండుమంది సంతానంలో నాలుగోది. తండ్రి రాబర్ట్ లీ పార్టన్ పొగాకు పండించే పేద రైతు. కాన్పు చేసిన డాక్టరుకి ఇవ్వడానికి చేతిలో డబ్బు లేక పిండి ఇచ్చి పంపాడు.

• పదమూడేళ్ళకే నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదికెక్కింది. కంట్రీ గాయకులకి అది గుడిలాంటి చోటు. ఆ రోజు ఆమెని ప్రేక్షకులకి పరిచయం చేసింది గాయకుడు జానీ క్యాష్. 1964లో హైస్కూలు చదువు పూర్తయిన మర్నాడే నాష్‌విల్ బస్సెక్కేసింది. ఆ ఊళ్ళో మొదటి రోజే ఒక లాండ్రీ దగ్గర కార్ల్ డీన్ పరిచయమయ్యాడు. రెండేళ్ళకి పెళ్ళి చేసుకున్నారు. రోడ్లకి తారు వేసే వ్యాపారం ఆయనది. భార్య ఎంత పేరు సంపాదించినా ఆయన కెమెరాల ముందుకి రాలేదు. 2025 మార్చిలో ఆయన పోయేదాకా, దాదాపు 59 ఏళ్ళు కలిసి బతికారు.

• చిన్నప్పుడు వాళ్ళమ్మ గుడ్డముక్కలు అతికి, బొంత కుట్టినట్టు ఆమెకో కోటు కుట్టింది. డాలీ మురిసిపోతూ అది వేసుకుని బడికి వెళ్తే పిల్లలందరూ వెక్కిరించారు. పెద్దయ్యాక ఒక ప్రయాణంలో ఆ జ్ఞాపకం పాటై తన్నుకొచ్చింది. రాసుకోవడానికి కాగితం దొరక్క డ్రైక్లీనింగ్ రసీదు వెనక రాసింది. 1971లో విడుదలైన ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ అదే. తను రాసిన వందల పాటల్లో తనకి ఎక్కువ ఇష్టమైంది ఇదేనని ఆమె చాలాసార్లు చెప్పింది.

• ఇప్పుడు అసలు సంగతి. 1967 నుంచి డాలీ, పోర్టర్ వాగనర్ అనే పెద్ద గాయకుడి టీవీ కార్యక్రమంలో పాడేది. ఆయన వల్లే ఆమె పేరు దేశమంతా తెలిసింది. కొన్నేళ్ళకి సొంతదారి చూసుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు. వాదనలతో పని జరగదనుకుని, ఇంటికెళ్ళి ఒక పాట రాసి, మర్నాడు వచ్చి ఆయన ఎదురుగా పాడింది. ఆయన కన్నీళ్ళు పెట్టుకుని సరేనన్నాడు. ఆ పాట ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’. ప్రేమికుడి కోసం రాసిందని లోకం అనుకునే ఆ పాట నిజానికి ఒక గురువు దగ్గర తీసుకున్న సెలవు.

1974లో ఆ పాట కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. పెద్ద పేరున్న గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ తానూ పాడతానన్నాడు. డాలీ ఆనందానికి అంతు లేదు, కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంది. రికార్డింగ్‌కి ముందు ఎల్విస్ మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్ ఫోన్ చేశాడు. ఎల్విస్ పాడాలంటే పాట పబ్లిషింగ్ హక్కుల్లో సగం తమకి రాసివ్వాలన్నాడు. పబ్లిషింగ్ హక్కంటే ఆ పాటని ఎవరు పాడినా, ఎక్కడ మోగినా వచ్చే ఆదాయంలో వాటా. డాలీ ఇవ్వనంది. ఇవ్వనన్నాక రాత్రంతా ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు పిచ్చి పని చేశావన్నారు. మన దగ్గర సినిమా పాట రాసినవాళ్ళకీ, స్వరపరిచినవాళ్ళకీ రాయల్టీలో వాటా చట్టపరంగా గట్టిపడింది 2012 కాపీరైట్ సవరణతో. అది తెలిసినవాళ్ళకి, ముప్ఫై ఏళ్ళైనా నిండని ఒక పల్లెటూరి అమ్మాయి ఎల్విస్ అంతటివాడి మేనేజర్‌కి కుదరదని చెప్పడం ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

1992లో ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం గాయని విట్నీ హ్యూస్టన్ ఆ పాట పాడింది. అమెరికా పాటల పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. కారు నడుపుతూ రేడియోలో తొలిసారి విన్నప్పుడు, తట్టుకోలేక బండి పక్కకి ఆపేశానని డాలీ చెప్పింది. పబ్లిషింగ్ రాయల్టీ అంతా ఆమెదే. అందులో కొంత పెట్టి నాష్‌విల్‌లో నల్లజాతివాళ్ళు నివసించే పేటలో ఆఫీసు భవనాలు కొంది. విట్నీ మీద గౌరవంతో ఆ చోటు ఎంచుకున్నానంది.

• ‘నైన్ టు ఫైవ్’ పాటలో తాళం పుట్టింది ఆమె గోళ్ళలోంచి. 1980లో అదే పేరున్న సినిమా సెట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు, పెట్టుడు గోళ్ళు ఒకదానికొకటి రాస్తే టైప్‌రైటర్ చప్పుడులా వినిపించింది. ఆఫీసు ఆడవాళ్ళ కష్టం గురించిన సినిమాకి అంతకంటే తగిన తాళం ఏముంటుంది? రికార్డింగ్‌లో కూడా ఆ గోళ్ళ శబ్దం వాడారు.

• 1996లో స్కాట్లండ్‌లో క్లోనింగ్ ద్వారా పుట్టిన గొర్రెపిల్ల డాలీకి ఈమె పేరే పెట్టారు.

• తండ్రికి చదవడం, రాయడం రాదు. లెక్కలో, బేరంలో మహా చురుకైన మనిషి, అక్షరం రాని బాధ మాత్రం జీవితాంతం మోశాడు. ఆయన కోసమే 1995లో డాలీ సెవియర్ కౌంటీలో ‘ఇమాజినేషన్ లైబ్రరీ’ మొదలుపెట్టింది. పేరు నమోదైన పిల్లలకి, పుట్టినప్పటి నుంచి అయిదేళ్ళు నిండేదాకా, నెలకో పుస్తకం పోస్టులో ఇంటికొస్తుంది. పుస్తకం మీద ఆ బిడ్డ పేరే ఉంటుంది. పేద, ధనిక తేడా లేదు, ఉచితం. ఈ పథకం ఉన్న ప్రతి ఊళ్ళో ఒక స్థానిక సంస్థ ఖర్చు భరిస్తుంది, పుస్తకాల ఎంపిక, నిర్వహణ డాలీ సంస్థ చూసుకుంటుంది. ఒక్క కౌంటీలో మొదలైన ఈ పని కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లండ్‌లకి పాకింది. 2018లో పదికోట్లో పుస్తకాన్ని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చారు. ఇప్పుడా లెక్క ఇరవై కోట్లు దాటింది. తండ్రి 2000లో పోయాడు. ఊరి పిల్లలు తన కూతుర్ని ‘పుస్తకాలావిడ’ అని పిలవడం ఆయన వినగలిగాడు. ఆమె పాటల కంటే అదే ఆయనకి ఎక్కువ గర్వంగా ఉండేదట.

• 2016 నవంబరులో స్మోకీ కొండల్లో కార్చిచ్చు రేగి గాట్లిన్‌బర్గ్ చుట్టుపక్కల ఇళ్ళు తగలబడ్డాయి. ఇల్లు పోయిన దాదాపు 900 కుటుంబాలకి డాలీ నిధి నుంచి నెలకి వెయ్యి డాలర్ల చొప్పున అందింది, చివరి నెల అయిదు వేలు. షరతులేమీ లేవు.

• 2020లో కోవిడ్ పరిశోధనకి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి పది లక్షల డాలర్లిచ్చింది. మోడెర్నా టీకా తొలి ఫలితాల పరిశోధన పత్రంలో సహాయం చేసినవారి జాబితాలో ఆమె పేరిట ఉన్న నిధి కనిపిస్తుంది. అయినా టీకా వచ్చాక వరసలో ముందుకి దూరలేదు, తన వంతు వచ్చాకే 2021 మార్చిలో వేయించుకుంది.

• 2021లోనే టెనెస్సీ శాసనసభ ఆవరణలో ఆమె విగ్రహం పెడతామంటే, దేశంలో పరిస్థితులు బాగాలేవు, ఇప్పుడు నన్ను పీఠం ఎక్కించడం సరికాదంటూ వద్దంది. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి పేరు ప్రతిపాదిస్తే, నేను రాక్ పాడినదాన్ని కాను, అర్హులకివ్వండంది. వాళ్ళు వినలేదు, ఆమె చివరికి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఆ గౌరవానికి తగ్గ పని చెయ్యాలని, 2023లో 77 ఏళ్ళ వయసులో ‘రాక్‌స్టార్’ పేరుతో 30 పాటల రాక్ ఆల్బమ్ తెచ్చింది. రాక్ దిగ్గజాలు పాల్ మెకార్ట్నీ, రింగో స్టార్ కూడా అందులో ఆమెతో కలిశారు.