వేరు బుడిపె ఉంటే సరిపోదు.. లోపల ఎర్రగా ఉండాలి!

19వ శతాబ్దం చివర్లో పుదుచ్చేరి రేవు నుంచి ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌కి వెళ్లిన ప్రధాన సరుకుల్లో వేరుశనగ ఒకటి. రాయలసీమ రైతులు దశాబ్దాల పాటు వేసిన టీఎంవీ-2 రకం కూడా ఈ పట్టణానికి దగ్గర్లోని తిండివనం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిందే. అంతంత మాత్రం సారమున్న నేలల్లోనూ ఈ పంట నిలదొక్కుకోవడానికి ఒక కారణం, దాని వేళ్లపై ఉండే చిన్న చిన్న బుడిపెలు.

వీటిలో బ్రాడీరైజోబియం అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. బ్యాక్టీరియా ఆ నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క ఆహారం పెడుతుంది.

మరి ఆ బ్యాక్టీరియా జన్యువుల్లో మార్పు (మ్యుటేషన్) వస్తే? ఏ జన్యువు దెబ్బతిన్నదన్నదే కీలకం. మొక్కకు రసాయన సంకేతం పంపేవి ‘నాడ్’ జన్యువులు. ఇవి పాడైతే చాలా పప్పుజాతి పంటల్లో బుడిపే ఏర్పడదు. నత్రజనిని మార్చే నైట్రోజినేజ్ ఎంజైమును తయారుచేసేవి ‘నిఫ్’ జన్యువులు. ఇవి పాడైతే బుడిపె వస్తుంది, కానీ పని చేయదు.

ఈ రెండో రకమే మోసపూరితమైనది. పైకి బుడిపెలు ఒకేలా కనిపించవచ్చు. తేడా లోపలి రంగులో ఉంటుంది. పనిచేసే బుడిపెలో లెగ్‌హీమోగ్లోబిన్ ఉండటంతో అది గులాబీ లేదా ఎరుపు రంగులో ఉంటుంది. పనిచేయనిది పాలిపోయి ఉంటుంది.

మొక్క కూడా చూస్తూ ఊరుకోదు. సోయాచిక్కుడుపై 2003లో ‘నేచర్’లో వెలువడిన పరిశోధన ఈ సంగతి తేల్చింది. నత్రజని ఇవ్వని బుడిపెలకు మొక్క ఆక్సిజన్ తగ్గిస్తుంది. దాంతో అక్కడి బ్యాక్టీరియా సంతతి తగ్గిపోతుంది.

రైజోబియం కల్చర్ ప్యాకెట్ విషయంలోనూ ఇది ముఖ్యమే. చాలా రైజోబియం జాతుల్లో ఈ జన్యువులు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏపై ఉంటాయి. ల్యాబ్‌లో పదేపదే పెంచుతూ పోతే అది జారిపోవచ్చు. అప్పుడు ప్యాకెట్‌లో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా బతికే ఉన్నా పంటకు ఒరిగేదేమీ ఉండదు. అందుకే లెక్క ఒక్కటే చాలదు, మొక్కపై పరీక్ష కూడా కావాలి.

పొలంలో ఆ పరీక్ష సులువే. పూత దశలో రెండు మూడు మొక్కల్ని మట్టితో సహా పెకలించి, వేళ్లు కడిగి, బుడిపెల్ని గోటితో చీల్చి చూడాలి. ఎక్కువ భాగం ఎర్రగా ఉంటే నత్రజని అందుతున్నట్టే. తెల్లగా ఉంటే మాత్రం వెంటనే ప్యాకెట్‌ను తప్పుపట్టకూడదు. లేత బుడిపెలూ తెల్లగానే ఉంటాయి. యూరియా ఎక్కువైనా బుడిపెలు సరిగా పనిచేయవు. ఆ రెండూ కావని తేలాకే అనుమానం బ్యాక్టీరియాపైకి మళ్లాలి.