సెల్‌ఫోనులో ఘోరాలు – ఇంట్లో మనసులు



ఈ రోజు కాస్త కష్టమైన సంగతే ఎత్తుకున్నాను. వంటల గురించో పిల్లల బట్టల గురించో అయితే నాకూ హాయిగా ఉండేది.

2021 ఆగస్టు 15న గుంటూరులో ఒక ఇంజనీరింగు విద్యార్థిని పట్టపగలు, నడివీధిలో హత్యకు గురైంది. అక్కడి సీసీ కెమెరాలో పడిన దృశ్యం మా పాణ్యంలో చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వచ్చేసింది. మా పక్కింటావిడ చూసింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. ఆవిడ కూతురు కర్నూలులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వారం తిరక్కుండానే పిల్లను ఇంటికి పిలిపించుకుంది. "సదువు లేకపోయినా బతుకుతాది లేక్కా, నా కండ్ల ముందర ఉంటే సాలు" అంది నాతో.

అన్నం కలుపుకుని తినలేక లేచిపోయేది. అర్ధరాత్రి లేచి వీధి తలుపు గడియ చూసుకునేది. గుంటూరెక్కడ, పాణ్యమెక్కడ, ఫోనులో చూసినదానికి ఇంత రాద్ధాంతమా అని ఇంట్లో మగవాళ్లు తీసిపారేశారు. అది తీసిపారేసే సంగతి కాదండీ.

2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్‌లో పరుగు పందెం దగ్గర బాంబులు పేలాయి. తర్వాత హోల్మన్, గార్ఫిన్, సిల్వర్ అనే ముగ్గురు స్త్రీలు, మానసిక విషయాలు పరిశోధించేవారు, 4,675 మందిని విచారించారు. ఆ వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలూ దృశ్యాలూ చూసినవాళ్లలో, పేలుడు చోట స్వయంగా ఉన్నవాళ్లలో కంటే కూడా ఎక్కువ ఆందోళన కనిపించిందట! వాళ్లలో ఇద్దరు, మరికొందరితో కలిసి, ఆ తర్వాత కొన్నేళ్లపాటు జనాన్ని గమనించి 2019లో ఇంకో మాట చెప్పారు. భయపడినవాళ్లు అలాంటివి మరింత చూస్తారు, చూసినకొద్దీ మరింత భయపడతారు. మా పక్కింటావిడ నాలుగైదుసార్లు ఎందుకు చూసిందో నాకు అప్పుడు అర్థమైంది.

వార్త చదివినప్పుడు ముందు ఆలోచన పుడుతుంది. కంటితో చూసినప్పుడు ముందు గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. అది ఎక్కడో జరిగిపోయిందనే సంగతి ఒంటికి వెంటనే తెలియదు. మళ్లీ చూస్తే మళ్లీ అంతే. కొందరిలో దీనికి తిరకాసుగా జరుగుతుంది. చూసి చూసి ఏమీ అనిపించకుండా పోతుంది. నాకైతే ఆ రెండోదే ఎక్కువ భయం.

మన సీమవాళ్లకు చావులు కొత్తా, కక్షలు కొత్తా అని మీరడగవచ్చు. నిజమే. కాని మా చిన్నప్పుడు అలాంటి కబురు వస్తే జేజి మమ్మల్ని లోపలికి పొమ్మనేది. పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. కబురు చెప్పే మనిషి ముఖంలో దుఃఖం కనిపించేది. ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఆ మనిషికి తెలుసు. ఫోనులో వచ్చేదానికి చెప్పే మనిషే లేడు. సినిమాలోనైతే కత్తి పైకి లేస్తే సంగీతం మోగుతుంది, ఇది ఉత్తిదేనని పసివాడికీ తెలుస్తుంది. సీసీ కెమెరా బొమ్మకు సంగీతం ఉండదు. ఆ నిశ్శబ్దమే చెవుల్లో మిగిలిపోతుంది.

కెమెరాలు వద్దని నేననడం లేదు. గుంటూరు కేసులో ముద్దాయికి 2022 ఏప్రిల్ 29న కోర్టు శిక్ష వేసింది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట గర్భవతియైన భార్య కళ్లెదుటే ఒక యువకుణ్ణి నరికిన కేసులో 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు తీర్పు చెప్పింది. కెమెరా సాక్ష్యం పోలీసుల దగ్గర, న్యాయమూర్తి ముందర చేయవలసిన పని ఉంది. మన చేతిలోని ఫోనులో దానికేం పని? ఆ భార్యకు, ఆ తల్లికి, ఎవరో పంపగా అది ఎన్నిసార్లు ఎదురై ఉంటుందో!

పంపేవాళ్లు చెడ్డవాళ్లు కారు. "ఆడపిల్లలున్నవాళ్లు జాగ్రత్త" అని రాసి మరీ పంపుతారు. 2019 మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులు జరిపినవాడు దాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా చూపించాడు. మొదటి 24 గంటల్లోనే 15 లక్షల నకళ్లను తీసివేశామని ఫేస్‌బుక్ ప్రకటించింది. అన్ని నకళ్లు పెట్టింది హంతకుడొక్కడే కాదు కదా.

వాట్సాప్ సెట్టింగులలో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపే ఏర్పాటు ఉంది. మీకు చేతకాకపోతే పిల్లల చేత పెట్టించుకోండి, రెండు నిమిషాల పని. అత్యాచారానికి గురైన స్త్రీ పేరుగాని ఆనవాలుగాని బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద నేరం. ఆమె ఫొటో పెట్టి "న్యాయం కావాలి" అని పంపేవాళ్లు ఇది గుర్తించరు.

పిల్లవాడు చూసేశాడనుకోండి, ముందు తిట్టకండి. ఫోను లాక్కుంటే ఈసారి దాచి చూస్తాడు. పక్కన కూర్చోబెట్టుకుని ఏం చూశావు, ఏమనిపించింది అని అడగండి. ఆ రాత్రి మీ దగ్గరే పడుకోబెట్టుకోండి. పెద్దలకైనా పిల్లలకైనా వారాలు గడిచినా నిద్ర పట్టక, ఆ దృశ్యమే కళ్లముందు మెదులుతుంటే డాక్టరుకు చూపించాలి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఫోను సేవ ఉంది. 14416కు చేస్తే డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మా పక్కింటావిడకు ఆ వీడియో తీసేయించింది కూతురే. "నేను రోజూ నడిచే దారి నువ్వు సూడలేదు, ఎవరో సచ్చిపోయిన దారి సూసినావమ్మా" అందట. తల్లి మరునాడే వెంటబెట్టుకుని కర్నూలు పోయి, హాస్టలు నుంచి కాలేజీ దాకా తానూ నడిచి చూసి వచ్చింది. దారిలో టీ అంగడి ఆమెతో, జిరాక్సు షాపు అమ్మాయితో మాట కలిపి, వాళ్ల నంబర్లు కూడా రాసుకుందట. పిల్ల చదువు సాగింది. ఆ గ్రూపులో నుంచి మాత్రం ఆవిడ బయటికి రాలేదు. "పెండ్లి ఫొటోలు కూడా దాంట్లోనే కదక్కా వచ్చేది" అంటుంది.