ముంచుకొచ్చే పనికి ముహూర్తమా?

పొద్దున్నే పొయ్యిమీద పాలు పెట్టి మనం మొదట చూసేది గోడమీది క్యాలెండరునే. ఈరోజు తదియ అని ఉంటుంది. అత్తగారి చేతిలో పంచాంగమేమో మధ్యాహ్నం నుంచి చవితి అంటుంది. ఏది నిజం? రెండూ నిజమే!

తారీఖు అర్ధరాత్రి మారుతుంది. తిథి అలా కాదు. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒకే తీరుగా ఉండదు గనుక ఒక తిథి 20 గంటల్లోనే ముగిస్తే, ఇంకోటి 26 గంటల దాకా సాగుతుంది. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకి ఆ పేరు. అయితే పండగల లెక్క వేరు. వినాయక చవితికి మధ్యాహ్నం, దీపావళికి సాయంత్రం, శివరాత్రికి అర్ధరాత్రి ఉన్న తిథిని చూస్తారు. దానికితోడు పూర్వ పద్ధతికీ దృగ్గణితానికీ కొన్ని గంటల తేడా. పండగ ఏరోజో అని తగవులు వచ్చేది ఇక్కడే.

మైపాడు నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆమెకి చదువు రాదు. తిథి మాత్రం తప్పు చెప్పదు. "అమాసకీ పున్నానికీ పోటు జోరుగా ఉంటాదమ్మా, అష్టమికి తగ్గుతాది" అంటుంది. అమావాస్య, పౌర్ణములకు సూర్యచంద్రులు భూమితో ఒకే వరసలోకి వస్తారు, ఇద్దరి లాగుడూ కలుస్తుంది. ఇది కళ్లెదుట కనిపించే లెక్క.

రాహుకాలం అలాంటిది కాదు. పగటిని ఎనిమిది భాగాలు చేసి, వారాన్నిబట్టి ఒక భాగాన్ని వదిలేస్తారు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని మనం బట్టీపట్టింది, ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి గుంకితేనే సరిపోతుంది. నెల్లూరులో మే నెలాఖరున 5.45 లోపే తెల్లవారుతుంది, జనవరిలో ఆరున్నర దాటాలి! ఇక దుర్ముహూర్తం రెండు ఘడియలు, అంటే 48 నిమిషాలు. వర్జ్యం సుమారు నాలుగు ఘడియలు.

2004 డిసెంబరు 26న మన తీరాన్ని సునామీ ముంచెత్తింది. ఆరోజు ఆదివారం, మార్గశిర పౌర్ణమి. అల వచ్చింది ఉదయం, ఆదివారం రాహుకాలం సాయంత్రం. అల పుట్టింది సుమత్రా దగ్గరి భూకంపంతో. పౌర్ణమికీ దానికీ సంబంధం లేదు, రాహుకాలం కాదని అది ఆగనూ లేదు.

మా తోడికోడలికి నొప్పులు మొదలైనప్పుడు "వర్జ్యం పోనీ అమ్మాయ్" అని పెద్దవాళ్లు గంటసేపు ఇంట్లోనే కూర్చోబెట్టారు. ఎదురు చెప్పడానికి నాకూ నోరు రాలేదు. ఆస్పత్రికి చేరేసరికి ఆమె స్పృహలో లేదు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ కోప్పడింది. ఆ బిడ్డ ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది.

మా అత్తయ్య పంచాంగం చూడటం మానలేదు. గృహప్రవేశానికీ, నోములకీ, పెళ్లికీ చూస్తూనే ఉంది. కానీ ఇరుగుపొరుగు ఎవరైనా ఆస్పత్రికి బయల్దేరుతూ ఘడియలు అడిగితే మాత్రం పుస్తకం తెరవదు. "మనం పెట్టుకునే పనికే ముహూర్తం. ముంచుకొచ్చే పనికి కాదు. ముందు ఆటో పిలవండి" అంటుంది.