క్రియలలో కోరిక – స్పానిష్, ఉర్దూ, తెలుగు

జరుగుచున్నదానిని తెలుపుట వేరు, జరుగవలెనని కోరుట వేరు. ఈ భేదమును స్పానిష్ భాష క్రియారూపముననే చూపును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు వినుచు పెరిగిన మన విద్యార్థులకు ఈ విషయము కఠినము కాదు.

నియమము సులభము. స్పానిష్ క్రియలు ‘ఆర్’, ‘ఎర్’, ‘ఈర్’ అని మూడు విధముల ముగియును. ‘నేను’ రూపములోని చివరి ‘ఓ’కారమును తొలగించి అచ్చును మార్చవలెను: మొదటి తెగకు ‘ఎ’, తక్కిన రెండింటికి ‘ఆ’. అబ్లార్ అనగా మాట్లాడుట. అబ్లో అనగా మాట్లాడుదును. కోరికయందు ఇది నేను, అతడు అను అర్థములలో అబ్లే, నీవు అన్నపుడు అబ్లెస్, మనము అన్నపుడు అబ్లేమోస్, మీరందరు అన్నపుడు అబ్లేయిస్, వారు అన్నపుడు అబ్లెన్ అగును. తినుటకు కొమేర్; కోమో అనునది కోమా అగును. జీవించుటకు బిబీర్, బీబో అనునది బీబా అగును.

‘సే కే అబ్లా’ అనిన, అతడు మాట్లాడునని ఎరుగుదును. ‘నో క్రేయో కే అబ్లే’ అనిన, అతడు మాట్లాడునని నమ్మను. తెలిసినది మొదటి రూపము. కోరిక, సందేహము, ప్రయోజనము రెండవ రూపము.

ఉర్దూలో దీనికి సమీపమైనది ముజారే. మైఁ బోలూఁ, వహ్ బోలే, తుమ్ బోలో, హమ్ బోలేఁ. దీనికి ‘గా’ చేర్చిన భవిష్యత్తగును: బోలేగా. తెలుగున వింతగా ‘గాక’ చేర్చినపుడే ఆకాంక్ష కలుగును: వచ్చును, వచ్చుగాక. సందేహమునకు ‘వచ్చునేమో’ అందుము. మనకు క్రియ మారదు. చివర నొక మాట చేరును.

ఈ ఒక్క అక్షరము విలువ నాకు ఆలస్యముగా తెలిసినది. విద్యార్థిదశలో, ఉర్దూ రాని ఒక తల్లికి దూరదేశమున నున్న ఆమె కుమారుని ఉత్తరమును చదివి వినిపించితిని. ‘ఖుదా కరే, ఈద్ పర్ ఆ జావూఁ’ అని యుండగా, లేని ‘గా’ను చేర్చి, “పండుగకు వచ్చుచున్నాడమ్మా” అంటిని. ఆమె పండుగనాటి రాత్రివరకు గుమ్మమున కూర్చుండెను. అతడు అబద్ధమాడలేదు, కోరెను. కోరికను వార్తగా మార్చినవాడను నేను.

స్పానిష్‌లో కోరికకు ముందు ‘ఓహలా’ అందురు. ‘దైవము తలచినచో’ అను అర్థముగల అరబీ పలుకుబడినుండి పుట్టిన మాట యిది. 711 మొదలు 1492 వరకు ఆ ద్వీపకల్పమున సాగిన ముస్లిం పాలన నాటి జ్ఞాపకమది. గ్రనాడా పతనమైన ఆ 1492లోనే నెబ్రిహా రచించిన స్పానిష్ వ్యాకరణము వెలువడెను. రాజ్యము పోయినను ప్రార్థన మిగిలెను. ఆ మాట వెంట వచ్చు క్రియ నేటికిని కోరిక రూపముననే యుండును.

విద్యార్థులారా! అనువాదమునకు కూర్చుండినపుడు క్రియ చివర నొకసారి చూడుడు. అక్కడ నున్నది వార్తయా, ఆశయా? మీ కృషి సఫలమగుగాక.